ఎసరు కూత

మొన్న కొత్త కళ్లజోడు తెచ్చుకోవడానికి ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక షాపింగ్ మాల్‌కి వెళ్లాను. కళ్లద్దాల కొట్టులో అమ్మాయి "అయిదే నిమిషాలు ఆంటీ" అని కూర్చోబెట్టి అరగంట మాయమైంది. నేను కూర్చున్న బల్ల ముందు నుంచి ఒక బ్యాటరీ రైలు తిరుగుతోంది. పట్టాలు లేవు. నున్నటి నేల మీద రబ్బరు చక్రాలతో చెప్పుల దుకాణం దగ్గర బయలుదేరి, ఐస్‌క్రీము కొట్టు దాకా పోయి వెనక్కి వస్తుంది. ఇంజనుకి నల్లరంగు పూసి పొగగొట్టం కూడా పెట్టారు గానీ అందులోంచి పొగ రాదు, ఎర్ర దీపం వెలుగుతుంది. నడిపే అబ్బాయి ఇంజనులో కూర్చుని సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. వెనక ఎక్కిన పిల్లలూ అంతే.

మలుపు దగ్గర అది కూసింది. రికార్డు చేసి పెట్టిన కూత. ఎవరి ఇంజనుదో ఏమో, ఆవిరి ఇంజను కూతే. నేను చప్పున చేతి గడియారం చూసుకున్నాను. ఇంకా నలభై నిమిషాలుంది, బియ్యం కడగాలి అనుకున్నాను. అనుకున్నాక నాకే నవ్వొచ్చింది. సైనిక్‌పురిలో నా ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. నా అన్నానికి కుక్కరు కూత తప్ప ఇంకెవరి కూతా అక్కర్లేదు.

ఆ నలభై నిమిషాల సంగతి చెప్పాలంటే సికింద్రాబాద్ లోకో షెడ్డు వెనకాల రైల్వే క్వార్టర్ల దాకా వెళ్లాలి. మా నాన్న ఆవిరి ఇంజను డ్రైవరు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. వరసగా పెంకుటిళ్లు, ముందు సన్నని సందు, సందు మొదట్లో అందరికీ కలిపి ఒక కుళాయి. దండెం మీద ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి తెల్లచీరగా ఉండేది కాదు. బొగ్గుపొగ, వేడి నూనె, తడిసిన బూడిద, వీటి వాసన మా తలగడల్లో కూడా ఉండేది. అది వాసన అని నాకు ఇల్లు మారాకే తెలిసింది.

బయటి ఊళ్లకు పోయిన డ్రైవర్లు ఎప్పుడు వస్తారో దేవుడికి కూడా తెలియదు. ఇళ్లలో ఫోన్లు లేవు. అందుకని ఒక్కో డ్రైవరుకి ఒక్కో సొంత కూత ఉండేది. క్వార్టర్ల వెనక ఔటర్ సిగ్నల్ దగ్గరికి రాగానే ఇంజనులో వేలాడే గొలుసు లాగి ఎవరి కూత వాళ్లు వేసేవాళ్లు. రూలు పుస్తకంలో అలాంటి కూత లేదు. పుస్తకం రాసినవాళ్ల ఇళ్లలో వంటమనుషులు ఉండి ఉంటారు. కూత వినగానే ఆ డ్రైవరు భార్య లేచి పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఇంజనుని షెడ్డులో ఒప్పజెప్పి, సంతకం పెట్టి, నడిచి ఇంటికి రావడానికి నలభై నిమిషాలు. అన్నం వార్చేసరికి మనిషి గుమ్మంలో ఉండేవాడు.

ఒకరి కూత దగ్గినట్టు ఉండేది. ఇంకొకరిది కోడి గొంతు. మా నాన్నది రెండు పొట్టి, ఒక పొడుగు, చివర గొలుసు మెల్లగా వదులుతుంటే కిందికి జారే ఒక మెలిక. ఆ మెలిక వినబడగానే అమ్మ చేతిలో పని అక్కడే పడేసి "వచ్చాడమ్మా మహారాజు" అనేది. విసుక్కున్నట్టే అనేది. మొహం మాత్రం వేరేలా ఉండేది.

పక్కింట్లో నాన్న ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఉండేవాడు. నేను చాచా అనేదాన్ని, ఆయన భార్యని ఖాలా అనేదాన్ని. ఫైర్‌మన్‌కి సొంత కూత ఉండదు కాబట్టి ఖాలా కూడా మా నాన్న కూతకే ఎసరు పెట్టేది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒకసారి పొరపాటుపడి ఎవరో దగ్గు డ్రైవరు కూతకి వండిపెట్టిందట. చాచా తెల్లారి వచ్చాడు. "నిన్న ఎవని కోసం వండినవే, జెర నాకు సుత చెప్పు" అని నెల్లాళ్లు ఏడిపించాడు. ఆ కథ వచ్చినప్పుడల్లా ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది, అమ్మ పడీపడీ నవ్వేది.

అమ్మ వానాకాలంలో పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. జ్వరం తగిలిన రోజే నాన్న లైను మీదికి పోయాడు. కబురు పంపారు గానీ ఆయన అక్కడ ఇంజను ఎక్కి బయలుదేరాక చేరిందట. సాయంత్రం సన్నటి జల్లు. అమ్మని ముందు గదిలో పడుకోబెట్టారు. చర్చి ఆడవాళ్లు గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. ఏడ్చేవాళ్లు ఏడ్చి అలిసిపోయారు. నేను అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఆమె చీర అంచు వేలికి చుట్టుకుంటున్నాను.

అప్పుడు ఔటర్ దగ్గర కూత వినబడింది. రెండు పొట్టి, ఒక పొడుగు, మెలిక.

అందరూ తలలెత్తారు. ఎవరూ కదల్లేదు. నాకు ఒక్కటే తోచింది. నాన్న వస్తున్నాడు, ఎసరు పెట్టాలి. అమ్మ ఇంక లేవదని తెలుసు కాబట్టి నేనే పెట్టాలి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. వంటింట్లోకి పోయి కిరసనాయిలు స్టవ్ వెలిగించి, గిన్నె పెట్టి, అమ్మ కొలిచే గ్లాసుతోనే బియ్యం కొలిచాను. శవం ఇంట్లో ఉండగా పొయ్యి ముట్టించకూడదని నాకెవరూ చెప్పలేదు.

తర్వాత జరిగింది చాచా చెబితే అందరికీ తెలిసింది. షెడ్డులో ఎవరో "ఇంటికి జల్ది పో అన్నా" అన్నారు, ఎందుకో చెప్పలేదు. నాన్నా చాచా పరిగెత్తుకుంటూ వచ్చారు. వాన వల్ల జనం లోపలే ఉన్నారు, సందులో పిట్టపురుగు లేదు. సందు మొదట్లోనే నాన్నకి అన్నం ఉడుకుతున్న వాసన తగిలింది. ఠక్కున పరుగు ఆపేశాడు. నవ్వాడట. "లేచిందిరా! ఎసరు పెట్టింది" అన్నాడట. మసి మొహంతో లోపలికి వస్తే అమ్మకి గిట్టదు. అందుకని కుళాయి దగ్గర ఆగి, తన డ్యూటీ పెట్టెలోంచి సబ్బు తీసి, తీరిగ్గా మొహం కడుక్కున్నాడు. తల కూడా దువ్వుకున్నాడు.

గుమ్మంలో నిలబడిన ఆ మొహం నాకిప్పటికీ కనిపిస్తుంది. అంత శుభ్రంగా ఆయన మొహాన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి మా మేనత్త నా రెక్క పట్టుకుని వంటింటి మూలకి లాక్కుపోయింది. "శవమున్న ఇంట్లో పొయ్యి వెలిగిస్తావా పాపిష్టిదానా! నీ అన్నం వాసన చూసి బతికుందనుకున్నాడే వాడు! కుళాయి దగ్గర నిలబడి సోకు చేసుకున్నాడే నా తమ్ముడు!" అంది. కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

అప్పటినుంచి నేను స్టవ్ ముట్టుకోలేదు. నాన్న తన కూత వెయ్యలేదు. ఔటర్ దాటి మూగగా వచ్చేవాడు, ఎప్పుడొచ్చేవాడో తెలిసేది కాదు. ఖాలా పంపిన గిన్నె మీద మూత తీసి చల్లటి అన్నం తినేవాడు. నాతో మాట్లాడేవాడు గానీ అవసరానికే. స్నానం చేశావా, పుస్తకాలు సర్దుకున్నావా, అంతే. ఆయన కూత మానేసింది నావల్లేనని, నన్ను క్షమించలేకపోతున్నాడని నేను నిశ్చయించుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఎవరిని అడుగుతాను? సాయంత్రాలు ఇంటి వెనక గట్టు మీద కూర్చుని వేరేవాళ్ల నాన్నల కూతలు వింటూ ఉండేదాన్ని.

ఏడాది తిరక్కుండానే కళ్ల పరీక్షలో నాన్న తప్పాడు. ఎరుపూ పచ్చా సరిగ్గా చెప్పలేకపోతే మెయిన్ లైను మీద ఇంజను ఇవ్వరు. పట్టాలకి అవతలి వైపు పిల్లల పార్కు ఒకటి ఉండేది. అందులో ఒక బొమ్మ రైలు, దాన్ని లాగడానికి ఎక్కడో క్వారీలో పనిచేసి వచ్చిన బుల్లి ఆవిరి ఇంజను. నాన్నని దాని మీద వేశారు. మెయిల్ బండి నడిపిన మనిషి ఆ ఇంజనులో మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చోవాల్సి వచ్చింది. నీళ్ల ట్యాంకు చుట్టూ, గులాబీ మడి పక్కగా, ఒక రేకుల సొరంగంలోంచి తిరిగి మళ్లీ బయలుదేరిన చోటికే.

మొదట్లో నాకు సంబరంగానే ఉండేది. నాన్న ప్రతి సాయంత్రం ఊళ్లోనే ఉంటాడు మరి! బడి అయిపోగానే పరిగెత్తి చివరి పెట్టెలో ఎక్కి చీకటి పడేదాకా తిరిగేదాన్ని. చుట్టూ అమ్మల ఒళ్లో కూర్చున్న పిల్లలు. సొరంగంలోకి వెళ్లగానే అందరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని అరిచేవాళ్లు. నేను నా జడ నేనే పట్టుకునేదాన్ని.

చాచా అప్పటికి డీజిల్ ఇంజను మీదికి మారాడు. సెలవు దొరికితే చాలు, పార్కుకి వచ్చి మా బుల్లి ఇంజను పక్కన చతికిలబడేవాడు. "డీజిల్ల ఏముంది బిడ్డా, ఆఫీసుల కూసున్నట్టుంటది. చేతులు సుత నల్లగ కావు" అనేవాడు. లుంగీ మడతలోంచి గెనుసుగడ్డలు తీసి ఇంజను కింద బూడిదలో దాచేవాడు. నాలుగు చుట్లు తిరిగేసరికి అవి కాలేవి. పైన మాడి, లోపల మెత్తగా, కొంచెం బొగ్గు రుచితో. నేను రెండు దొంగిలించి గౌను జేబులో వేసుకుని తొడ కాల్చుకున్నాను. ఆ మచ్చ ఇంకా ఉంది.

బడిలో పిల్లలు ఊరుకుంటారా? "మీ నాయిన రైలు యాడికి పోతది?" అని ఒకడు అడిగేవాడు. "ఎక్కిన కాడికే పోతది!" అని మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఒకడి నెత్తి మీద పలక విరగ్గొట్టాను. నెల్లాళ్లు పార్కు వైపు పోలేదు. ఎందుకు రావడం లేదని నాన్న అడగలేదు. అది కూడా నా మీద కోపమే అనుకున్నాను.

వేసవి సెలవుల చివర మేనత్త మళ్లీ వచ్చింది. ఆడదిక్కు లేని ఇంట్లో ఆడపిల్ల ఎలా పెరుగుతుందని, గుంటూరులో మిషన్ బోర్డింగులో చేర్చేస్తానని మొదలుపెట్టింది. "పెట్టె కూడా తెచ్చాను. వచ్చే సోమవారం తీసుకుపోతా. ఏమంటావురా?" అంది. నాన్న చొక్కా గుండీ పెట్టుకుంటూ "చూద్దాంలే అక్కా" అన్నాడు. వద్దనలేదు. నేను తలుపు చాటున నిలబడి ఆ "వద్దు" కోసం ఎంతసేపు చూశానో నాకు తెలుసు. అత్తయ్య తన ఆడపడుచు ఇంటికి పోయి, ఆ ఆకుపచ్చ రేకుపెట్టె మాత్రం మా ఇంట్లో వదిలింది.

చాచాని అడిగాను. "నాన్నకి నేనంటే ఇష్టం లేదా చాచా? అందుకేనా పంపించేది? అందుకేనా కూత వెయ్యడం మానేసింది?" అని. ఆయన బీడీ ఆర్పేశాడు. "గంత పరేషాన్ ఎందుకు బిడ్డా? నాకేం తెలుస్తది మీ నాయిన మనసుల? ఆయన్నే అడుగు పో" అన్నాడు.

అడగడానికే ఆ శనివారం పార్కుకి పోయాను. బండి ఆగి ఉంది, పిల్లలు ఎక్కుతున్నారు, నాన్న కిందికి దిగి చక్రాలకి నూనె పోస్తున్నాడు. ఇంజనులో ఎవరూ లేరు. ఎప్పుడూ నన్ను ఎక్కనివ్వని ఇంజను. ఎక్కేశాను. గొలుసు నా తల పైన వేలాడుతోంది. రెండు చేతులా పట్టుకుని లాగాను. రెండు పొట్టి. ఒక పొడుగు. చివర మెల్లగా వదిలాను. సన్నటి గొంతు, పిల్లిపిల్ల అరిచినట్టు. కానీ మెలిక వచ్చింది.

నాన్న నూనెడబ్బా కింద పెట్టాడు. నా వైపు చూడలేదు. నీళ్ల ట్యాంకు దాకా నడిచిపోయి, అటు తిరిగి గట్టు మీద కూర్చున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. పెట్టెల్లో పిల్లలు "పోనీ, పోనీ" అని అరుస్తున్నారు. అయిపోయింది, ఇంక నన్ను ఉంచుకోడు అనుకున్నాను. దూకి ఇంటిదాకా ఆగకుండా పరిగెత్తాను.

ఇంట్లో దీపం పెట్టలేదు. నా బట్టలు నేనే ఆ ఆకుపచ్చ పెట్టెలో సర్దుకున్నాను. మూడు గౌన్లు, అమ్మ బైబిలు, ఒక దువ్వెన. పెట్టె మీద కూర్చుని ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాను. పక్కింట్లో ఖాలా ఉల్లిపాయలు వేయిస్తున్న వాసన వస్తోంది. ఆ వాసనకి ఇంకా దిగులేసింది. లోకంలో అందరి ఇళ్లలోనూ ఎవరో ఒకరు వండుతున్నారు అనిపించింది.

పార్కు మూసే వేళయింది. అప్పుడు పట్టాల అవతలి నుంచి వినబడింది. సన్నగా, దూరంగా. రెండు పొట్టి. ఒక పొడుగు. మెలిక.

నేను లేవలేదు. తప్పుగా విన్నానేమో అనుకున్నాను. మళ్లీ వేశాడు. పక్కింట్లోంచి ఖాలా గోడ మీద గరిటెతో కొడుతూ "ఏందే పిల్లా, వినబడ్తలేదా? మీ నాయిన వస్తుండు! పొయ్యి ముట్టియ్!" అని కేక పెట్టింది.

అగ్గిపుల్లలు మూడు ఆరిపోయాయి, నాలుగోది వెలిగింది. అమ్మ గ్లాసుతో బియ్యం కొలిచాను. గంజి వార్చేటప్పుడు చెయ్యి కాలింది, పట్టించుకోలేదు. నాన్న వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మొహం కడుక్కుని ఉన్నాడు, తల దువ్వుకుని ఉన్నాడు.

"కూత వినపడిందా? చిన్న ఇంజను కదా, గొంతు చెవికి ఆనదేమో అనుకున్నా."

"వినపడింది నాన్నా."

కంచం ముందు కూర్చున్నాడు. అన్నం చిమిడిపోయింది, గోంగూర పచ్చడి తప్ప ఇంకేం లేదు. నాలుగు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపాడు.

"ఆ రోజు కుళాయి దగ్గర ఆగాను చూడు..."

"నావల్లే నాన్నా" అని నేను బావురుమన్నాను.

"నీవల్లే. అదే చెబుతున్నా, విను. షెడ్డు నుంచి సందు దాకా ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. సందు మొదట్లో ఆ వాసన వచ్చింది. అక్కణ్ణించి గుమ్మం దాకా మీ అమ్మ బతికే ఉంది నాకు. మొహం కడుక్కున్నంతసేపూ బతికే ఉంది. ఆ పాటి అయినా ఇంకెవరిచ్చారమ్మాయ్? ఇంటినిండా పెద్దవాళ్లే. నేను ఆకలితో వస్తానని నీకొక్కదానికే తోచింది."

"మరి కూత ఎందుకు మానేశావు?"

"వేస్తే నువ్వు లేచి పొయ్యి దగ్గరికి పోతావని. తొమ్మిదేళ్ల పిల్ల చేత వండించుకుని తిననా?" అన్నాడు. మళ్లీ ముద్ద కలుపుతూ "ఇవాళ ముందు నువ్వే పిలిచావుగా. పలక్కపోతే ఎలా? ఆ పెట్టెలో బట్టలు తీసెయ్, అత్తయ్యకి నేను చెబుతాలే" అన్నాడు.

ఆ తర్వాత ఏడేళ్లు రోజూ పార్కు మూసే వేళకి ఆ కూత వినిపించింది. రోజూ నేనే ఎసరు పెట్టాను. ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, షెడ్డు లేదు. బుల్లి ఇంజనుని కొన్నాళ్లు పార్కులో దిమ్మె మీద నిలబెట్టి రంగు వేశారు. పిల్లలు లాగుతారని గొలుసు తీసేశారు. పోయినసారి అటు వెళ్తే దిమ్మె కూడా కనిపించలేదు. పార్కు కాపలా మనిషిని అడిగితే "ఏం ఇంజనమ్మా? గిక్కడ రైలేంది?" అన్నాడు.

నాన్న చాలా ఏళ్లు బతికాడు. నేను టీచరు ఉద్యోగం చేసుకుంటూ, పెళ్లి మాట దాటేస్తూ, సైనిక్‌పురిలో ఈ ఇల్లు కట్టుకున్నాక నా దగ్గరే ఉన్నాడు. ఒక వేసవి మధ్యాహ్నం, నిద్రలోనే పోయాడు. చుట్టాలు వచ్చారు. ముందు గదిలో పడుకోబెట్టారు. సాయంత్రమయ్యేసరికి, ఏ కూతా లేకుండానే, నేను లేచి వంటింట్లోకి పోయి బియ్యం కొలిచాను. "ఇదేంటక్కా, శవం ఇంట్లో ఉండగా!" అని అత్తయ్య కూతురు చెయ్యి పట్టుకుంది. "ఎసరు పెడుతున్నాను" అన్నాను. తొమ్మిదేళ్లప్పుడు తెలియక పెట్టాను, ఈసారి తెలిసే పెట్టాను. ఆమె చెయ్యి వదిలేసింది.

కబురందుకుని చాచా వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, ఖాలా పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆటో వీధి మొదట్లోనే దింపేసిందట, కర్ర పొడుచుకుంటూ నడిచి వచ్చాడు. గేటు పక్క కుళాయి దగ్గర నీళ్ల చప్పుడు వినబడింది. కాసేపటికి తడి మొహంతో గుమ్మంలోకి వచ్చి, లోపలికి చూసి, తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"అన్నం వాసనొచ్చింది బిడ్డా" అన్నాడు. "అన్న లేచిండనుకున్న."

"రా చాచా, ఆకలితో ఉన్నావు" అని ఆయనకి కంచం పెట్టాను.